భయపడని చేపల పటం

జీబ్రా చేప వేలెడంత కూడా ఉండదు. దాని జన్యువుల మీద సన్నసన్నని రసాయన గుర్తులుంటాయి. ఏ జన్యువు పని చెయ్యాలో, ఏది నిద్రపోవాలో అవే చెబుతాయి. ఆ గుర్తులన్నిటికీ పటం గీసేసరికి ఒక పరిశోధకురాలికి నాలుగేళ్లు పట్టింది. భయపెట్టడానికి రోజూ వలతో తరిమిన చేపల్లో గుర్తులు ఒక తీరుగా, హాయిగా ఈదిన చేపల్లో మరో తీరుగా తేలాయి. తేడా కొట్టొచ్చినట్టుంది.

ల్యాబు డైరెక్టరుగారు సాయంత్రానికల్లా పత్రికలవాళ్లను పిలిపించారు. "భయం జన్యువుల మీద సంతకం చేస్తుంది!" అన్నారు. చేప అనే మాట ఒక్కసారే అన్నారు, అదీ దగ్గుతూ.

మర్నాడు ఆమె లేచేసరికి అమ్మ పేపరు పట్టుకుని కూర్చుంది.

"చూశావా, నా మతిమరుపు నా తప్పు కాదట. మా అత్తగారు పెట్టిన భయమట."

"అమ్మా, అది చేపల సంగతి."

"ఆవిడ చేతిలో నేను చేపనే కదే!"

నవ్వుకుంటూ ల్యాబుకు వెళ్లింది. ట్యాంకుల గదిలో చేపలను చూసుకునే పెద్దాయన తల దించుకుని నిలబడ్డాడు.

"తిట్టనంటే ఒకటి చెబుతానమ్మా."

"చెప్పండి బాబాయ్."

"వాటిని నేను తరమలేదమ్మా. మొదటిరోజే ఒకటి అద్దానికి కొట్టుకుని మూతి పగలగొట్టుకుంది. మనసొప్పలేదు. అప్పట్నుంచీ పుస్తకంలో టిక్కు పెట్టి ఊరుకున్నా."

తరమని చేపల్లో భయం గుర్తులెక్కడివి? ఆమె మూడు రోజులు తిండీ తిప్పలూ మాని లెక్కలన్నీ తిరగేసింది. తరిమామనుకున్న ట్యాంకులో దాదాపు అన్నీ మగవే, రెండోదాంట్లో ఆడవే. సమానంగా పంచే పని ఎవరో ఒకరు చూసుకునే ఉంటారని అందరూ అనుకున్నారు. అందరిలో ఆమె కూడా ఉంది. నాలుగేళ్లు కష్టపడి గీసింది మగచేపకూ ఆడచేపకూ ఉన్న తేడా!

ఆమె చెప్పింది విని డైరెక్టరుగారు తలుపు మూశారు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు, బాబాయికి."

"అయితే ఎవరికీ తెలియనట్టే. పోనీ, 'దయ కూడా సంతకం చేస్తుంది' అందామా?"

"వద్దండీ. జరిగింది జరిగినట్టు రాస్తాను."

రాసింది. చేపలను తరమలేదనీ, పంపకం చూసుకోకపోవడం తన పొరపాటేననీ రాసింది, పెద్దాయన ఊసెత్తలేదు. తప్పిపోయిన కుక్క ప్రకటన కింద పేపరువాళ్లు ఆ సవరణ నాలుగు లైన్లలో వేశారు. అమ్మ దాన్ని చదవనంది. డైరెక్టరుగారు రెండు నెలలు ఆమె ముఖం చూడలేదు. ఆ తర్వాత పరిశోధనల్లో నిజాయితీని కాపాడే సంఘానికి అధ్యక్షులయ్యారు.

పటం మాత్రం వృథా పోలేదు. మగ, ఆడ చేపల తేడాలు వెతికేవాళ్లు అడిగి మరీ తెప్పించుకున్నారు. కొత్త ప్రయోగానికి ఆమె స్వయంగా ట్యాంకు ముందు కూర్చుంది.

"పొట్ట గుండ్రంగా ఉంటే ఆడదమ్మా. సన్నగా, కాస్త పచ్చగా ఉంటే మగది," అన్నాడు పెద్దాయన.

"ఇదేంటి మరి?"

ఆయన వంగి చూశాడు. "ఇది ఇప్పుడే మేత తిన్న మగది."