మోకాళ్ళూ వేళ్ళూ

సంచిలో అన్నీ సర్దింది కానీ, జిప్పు మాత్రం పెద్దావిడ వేళ్ళకు లొంగలేదు. రెండుసార్లు లాగి చూసింది. బొటనవేలి కణుపు చురుక్కుమంది. సంచిని తోడికోడలి వైపు నెట్టి మంచం అంచున కూలబడింది.

"నువ్వే లాగు."

"ఇంత బరువుందేంటక్కా? ఇల్లు మొత్తం సర్దేశావా?"

"నువ్వుల నూనె సీసా. అల్లం. అవిసె గింజలు వేయించి పొడి కొట్టాను, మజ్జిగలో కలుపుకో. చీర మడతలో ఉప్పు మూట ఉంది, పెనం మీద వేడి చేసి మోకాళ్ళకి కాపడం పెట్టుకో. మరీ కాల్చుకునేవు."

"అక్కడ ఉప్పు దొరకదా?"

"ఉప్పు దొరుకుతుంది. మూట కట్టేవాళ్ళెవరు దొరుకుతారు?"

చిన్నావిడ నవ్వబోయి మానుకుంది. తల వంచుకుని జిప్పు లాగింది. కింద వీధిలో ఆవిడ కూతురు ఆటోవాడితో బేరమాడుతున్న గొంతు కిటికీలోంచి వినిపిస్తోంది.

వాళ్ళిద్దరూ అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంట కాలుపెట్టినవాళ్ళు. ఆ అన్నదమ్ములు ముందూ వెనకగా కన్నుమూశాక, ఈ మేడమీది గదీ, ఒక కుట్టు మిషనూ వాళ్ళకు మిగిలాయి. ఆసుపత్రికి దిండు గలీబులు కుట్టి బతుకుతున్నారు. పెద్దావిడ వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు పోయాయి; సూదిలో దారం మాట అటుంచి, అన్నం ముద్దే సరిగా నిలవదు. చిన్నావిడవి మోకాళ్ళు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఏడాదిగా మెట్లు దిగి వీధి మొహం చూసింది లేదు.

అందుకని ఇద్దరూ కలిసి ఒక దర్జీ అయ్యారు. ఒకే బల్ల మీద భుజం భుజం ఆనించి కూర్చునేవారు. పెద్దావిడ కాళ్ళు మిషను తొక్కేవి, చిన్నావిడ చేతులు గుడ్డను నడిపించేవి. చిన్నావిడ "ఊఁ" అంటే తొక్కాలి, "ఆఁ" అంటే ఆపాలి. గలీబు మూల దగ్గర తిరిగేటప్పుడు ఆ మాట కూడా అక్కర్లేదు, భుజం కదిలితే చాలు. వీధివాళ్ళు ఆ ఇద్దరికీ కలిపి 'కత్తెర' అని పేరు పెట్టారు. ఒక రెక్కతో ఏ గుడ్డా తెగదు మరి.

పెద్దావిడ బడికి వెళ్ళిన మనిషి కాదు. పచారీ పొట్లాల కాగితాలు విప్పి, కూడబలుక్కుని, తనంతట తానే చదువు నేర్చుకుంది. పాత కాగితాల కొట్లో పుస్తకాలు ఏరి తెచ్చుకునేది; అలా అట్ట ఊడిన పుస్తకమొకటి చేతికందింది. కీళ్ళనొప్పులకు తిండితో, ఇంటి వైద్యంతో ఉపశమనం ఎలాగో అందులో ఉంది. చిన్నావిడను బరువు తగ్గమని డాక్టరు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాడు కూడా. ఇంకేం, ఆ రోజునుంచి గదిలో పంచదార డబ్బా ఖాళీ అయింది, మూకుడు అటకెక్కింది. ఆకుకూరలు, వెల్లుల్లి, అవిసె పొడి, మిరియాలూ పసుపూ వేసిన పాలు. పొద్దునా సాయంత్రం గోరువెచ్చటి నూనె మర్దనా. కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కో కాలూ చాపించి ఎత్తించడం.

"రేపు గడ్డి కూడా పెడతావా నాకు?" అనేది చిన్నావిడ.

"పుస్తకంలో రాసుంటే పెడతా. నోరు మూసుకుని కాలెత్తు."

తనూ అదే తిండి తినేది. వాపు కాస్త తీసింది, తెల్లవారుజామున పోటు నెమ్మదించింది. కానీ వంగిన వేళ్ళు వంగినట్టే ఉన్నాయి. ఒకసారి వంకరపోయిన కణుపులు తిరిగి చక్కబడవని పుస్తకంలోనే ఉంది. ఆ పేజీని మాత్రం పెద్దావిడ పైకి చదవకుండా తిప్పేసింది.

ఒకనాడు కూరల సంచితో మెట్లెక్కుతుంటే మిషను చప్పుడు వినిపించింది.

సగం మెట్ల మీద ఆగిపోయింది. తను ఇక్కడుంటే అక్కడ తొక్కుతున్నదెవరు? చప్పుడు మొదట తడబడింది, తరువాత కుదురుకుంది, ఒక గలీబు పొడుగునా సాఫీగా నడిచింది. నయమైంది. తన నూనె, తన పసుపు, తన పోరు ఊరికే పోలేదు. సంతోషించింది, ఆ వెంటనే ఇక తన కాళ్ళతో ఎవరికీ పనిలేదని తోచింది. గోడ పట్టుకుని మెట్టు మీదే కూర్చుంది. చప్పుడు ఆగేదాకా లేవలేదు.

లోపలికి వచ్చేసరికి చిన్నావిడ కాళ్ళు బల్లకింద దగ్గరకు ముడుచుకుని ఉంది.

"వచ్చావా! నీకోసమే చూస్తున్నా. నువ్వు లేకపోతే ఒక్క కుట్టయినా పడదు కదా."

"అందుకేగా పరిగెత్తుకొచ్చాను" అంది పెద్దావిడ, పక్కన కూర్చుని కాళ్ళు ఆనిస్తూ.

"ఊఁ" అంది చిన్నావిడ. పెద్దావిడ తొక్కింది.

అలా ఒకరికి తెలియకుండా ఇంకొకరు దాచుకుంటూ ఆ వానాకాలం గడిపారు. చిన్నావిడ కూతురు రాకపోతే ఎన్నాళ్ళయినా అలాగే గడిపేవారు.

"మా ఊళ్ళో సొంత కొట్టు పెట్టాను పెద్దమ్మా" అంది ఆ పిల్ల వస్తూనే. "రెండో మిషను ఖాళీగా పడుంది. అమ్మని తీసుకెళ్దామంటే ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ మోకాళ్ళతో ఎలా?"

రెండో మిషను అనగానే చిన్నావిడ కళ్ళు ఒక్క క్షణం వెలిగాయి. వెంటనే ఆర్పేసుకుంది.

"నావల్ల ఎక్కడవుతుందే! మీ పెద్దమ్మ తొక్కితేనే నాకు కుట్టు."

పెద్దావిడ ఊరుకుంటే సరిపోయేది. ఏమీ చెయ్యక్కర్లేదు, నోరు మెదపకుండా ఉంటే చాలు. ఒళ్ళో ఉన్న తన వేళ్ళను చూసుకుంది. ఆ వెలిగి ఆరిన కళ్ళు మాత్రం చూపు మరల్చినా వదల్లేదు.

"అబద్ధం" అంది. "నేను లేనప్పుడు ఇదే తొక్కుతుంది. మెట్ల మీద కూర్చుని విన్నాను. తీసుకెళ్ళమ్మా. నాలుగంతస్తులూ మెల్లిగా ఎక్కుతుంది."

చిన్నావిడ కాళ్ళు బల్లకిందికి లాక్కుంది. కాసేపటికి ఆ పిల్ల "నువ్వూ రా పెద్దమ్మా" అంది. పిలుపు కొంచెం ఆలస్యంగా వచ్చింది. అలాంటి ఆలస్యాలు బాగా ఎరిగిన మనిషి పెద్దావిడ.

"నేనెక్కడికొస్తాను? నా పుస్తకాలు మొయ్యడానికి లారీ కావాలి" అని నవ్వేసింది.

ఇప్పుడు సంచి భుజాన వేసుకుని, చిన్నావిడ గోడ ఆసరా లేకుండా మెట్లు దిగింది. ఒక్కో మెట్టూ దిగుతుంటే పైనుంచి చూస్తూ నిలబడింది పెద్దావిడ.

"మళ్ళీ వానలు మొదలయ్యేసరికి వచ్చేస్తానక్కా. ముసురుపడితే నీ వేళ్ళు బాధపెడతాయి" అంది చిన్నావిడ ఆటోలోంచి మొహం బయటపెట్టి.

"ముందు తిండి సరిగా తిను. పంచదార జోలికి పోకు."

ఆసుపత్రివాళ్ళు గలీబులు వేరేచోట ఇచ్చుకున్నారు. పెద్దావిడ కింది వాటాలో చూపు మందగించిన ముసలాయనకు పేపరు చదివిపెట్టే పనికి కుదిరింది. మిషను మీద దుప్పటి కప్పింది. ఆదివారాలు చిన్నావిడ ఫోను చేసేది. ఈవిడ చెప్పే జాగ్రత్తలన్నిటికీ అటునుంచి "ఊఁ" అనేది. అన్నప్పుడల్లా పెద్దావిడ కుడికాలు దానంతట అదే నేలను నొక్కేది.

వానలు ఇంకా రాకముందే, చిన్నావిడకు జ్వరం వచ్చిందని కబురొచ్చింది. మోకాళ్ళు మాత్రం ఆఖరుదాకా బాగానే ఉన్నాయని ఆ పిల్ల చెప్పింది.

చిన్నావిడ తిరిగి రాలేదు. ఆ ఏడు మే నెలలో, రెండో ఆదివారం నాడు, అక్కడే పోయింది.