నవ్వు పరీక్ష

అప్పటికే పళ్లాయన ఆ పొద్దుటి రెండో కట్టుడు పళ్ల సెట్టుకు మెరుగు పెడుతున్నాడు. తిరుగుతున్న బ్రష్షుకు సెట్టును ఆనించి, తీసి, కిటికీ వెలుగులో తిప్పి చూసి, బొటనవేలితో అంచు తడిమి, మళ్లీ ఆనిస్తున్నాడు. ఆ వేలికి తెలిసినంత కంటికి తెలియదని ఆయన నమ్మకం. చొక్కా మీద తెల్లటి పొడి, కనుబొమల మీద పొడి, చెవుల్లో పొడి. పళ్ల ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని ముప్పై నాలుగేళ్లుగా ఊళ్లోని బోసి నోళ్లన్నిటికీ పళ్లు కడుతున్నాడు. పెద్ద డాక్టరుగారి దగ్గర పనిలో చేరాడు, ఇప్పుడు ఆయన కూతురి దగ్గర చేస్తున్నాడు. డాక్టరమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది. మిగతా లోకానికి పళ్లాయనే.

పళ్లు రాలగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, పెట్టుకోవడానికి ఏ చెయ్యి పడితే ఆ చెయ్యి పనికిరాదు. ఆయనకు మనుషులు మొహాలతో గుర్తుండరు. బస్సులో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేస్తాడు. వాళ్లు నవ్వగానే "ఓ, మీరా, కింది వరస నొక్కుకుంటోందన్నారు, తగ్గిందా" అంటాడు. విందుకు పిలిస్తే వెళ్తాడు, కానీ పెద్దగా తినడు. తాను కట్టిన పళ్లు తింటుంటే ఓ మూల కూర్చుని చూస్తాడు. "ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ బాగుచేస్తారు, ఇంట్లో మాత్రం మీ నోరు పెగలదు" అని భార్య సాధిస్తుంది. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

ఆయనదో పద్ధతి. కొరికి చూపిస్తే చాలదు, మాట్లాడి చూపించినా చాలదు, నవ్వి చూపించాలి. మొహమాటపు నవ్వు లెక్కలోకి రాదు. కడుపారా ఒక్క నవ్వు నవ్వాక కూడా పై వరస జారకుండా, కింది వరస లేవకుండా ఉంటేనే పళ్ల డబ్బా చేతికిస్తాడు. "తినేటప్పుడు మనిషి జాగ్రత్తగానే ఉంటాడమ్మా. నవ్వేటప్పుడు ఉండడు. ఊడితే అప్పుడే ఊడతాయి, అదీ నలుగురిలో" అంటాడు.

మరి నవ్వించాలి కదా. అందుకని రోజూ రెండు స్టాపుల ముందే బస్సు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరెక్కడ ఏ తమాషా చేస్తారా అని వీధులన్నీ చూసుకుంటూ నడిచొస్తాడు. లోకం ఆయన్ని ఏ రోజూ ఒట్టి చేతులతో పంపలేదు. చూసింది చూసినట్టు, పెదాలు సగమే తెరిచి, మొహంలో ఒక్క గీత కదలకుండా చెప్తాడు. వినేవాళ్లు పొట్టలు పట్టుకుంటారు. తాను నవ్వకుండా ఎదుటివాళ్లను నవ్వించడం ఎంత గొప్ప విద్యో అని డాక్టరమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

ఆ రోజు పదకొండింటికి లెక్కల టీచరమ్మ వచ్చింది, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. పొడుగాటి మనిషి, నిటారుగా నడుస్తుంది, నోటికి అడ్డంగా చేతిరుమాలు. సంగతంతా తమ్ముడే గొంతు తగ్గించి చెప్పాడు. రెండేళ్ల కిందట బడిలో బహుమతులు పంచుతూ, ఇంకెక్కడో కట్టించుకున్న పళ్లతో, "మొదటి బహుమతి" అనబోయింది. "మొ" దగ్గరే పై సెట్టు ఊడి కప్పులో పడింది. ఆ కప్పు అందుకోవాలో వద్దో తెలియక గెలిచిన పిల్ల అలాగే నిలబడిపోయింది. హాలంతా గొల్లుమంది. ఆనాటితో టీచరమ్మ బడి మానేసింది, మళ్లీ నలుగురిలో నోరు విప్పలేదు. కొట్టుకు వెళ్లినా చీటీ రాసి చూపిస్తుంది.

"రేపు సాయంత్రం అక్క పాత విద్యార్థులు రెండొందల మంది కలుస్తున్నారండీ. మాట్లాడమని అడిగారు. పళ్లు నిలుస్తాయని నమ్మకం కుదిరితే వెళ్తానంటోంది. ఈసారి వెళ్లకపోతే ఇంక ఎప్పటికీ గడప దాటదు" అన్నాడు తమ్ముడు. "కానీ మీ పరీక్షే కష్టం. మా అక్క నవ్వగా నేనెరగను. నా పెళ్లి ఫోటోల్లో కూడా పంచనామాకి వచ్చినట్టుంటుంది."

"నవ్వు నాలుగు విధాల చేటు" అంది టీచరమ్మ చేతిరుమాలు వెనక నుంచి. "మా తరగతి గోడ మీద రాయించాను."

"ఆ నాలుగు విధాలూ ఈ పళ్లు తట్టుకోవాలి కదమ్మా" అన్నాడు పళ్లాయన.

వారం కిందట డాక్టరమ్మ తీసిన అచ్చు మీద కట్టి ఉంచిన పళ్లు ఆమెకు పెట్టాడు. ఆపిల్ ముక్క కొరికింది, నమిలింది. పదమూడో ఎక్కం చెప్పమంటే తడుముకోకుండా చెప్పింది. ఇంక నవ్వు మిగిలింది. ఆయన ఇంకెవరి దవడకో అచ్చు పోయడానికి గిన్నెలో ప్లాస్టరు పొడి వేసి నీళ్లతో కలుపుతూ మొదలుపెట్టాడు. చేతులు పనిలో ఉంటే ఎదుటివాళ్లకు పరీక్ష సంగతి గుర్తుండదు.

"పొద్దున బస్సులో ఒకాయన లేచి ఒకావిడకి సీటిచ్చాడమ్మా. ఆవిడ తనకంటే పెద్దావిడకిచ్చింది. పెద్దావిడ చంటిపిల్ల తల్లికిచ్చింది. ఆ తల్లి కర్ర పట్టుకున్న తాతకిచ్చింది. తాత, నాకేం, కుర్రాణ్ణి అని ససేమిరా కూర్చోనన్నాడు. నేను దిగేదాకా ఒకళ్లనొకళ్లు బతిమాలుకుంటూ అందరూ నిలబడే ఉన్నారు."

"సీటు ఖాళీయేగా, మీరు కూర్చోవలసింది" అంది టీచరమ్మ. తమ్ముడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"కూడలిలో పోలీసు, అవతల కనిపించిన బావమరిదికి చెయ్యూపాడమ్మా. నాలుగు వరసల బళ్లు కదిలిపోయాయి. కంగారుపడి ఆపమని రెండో చెయ్యెత్తితే, బళ్లు ఆగలేదు గానీ బావమరిది రోడ్డు మధ్యలో ఆగిపోయాడు."

"ఆ కూడలిలో ఉన్నవి మూడు వరసలే."

పళ్లాయన గిన్నె గబగబా కలిపాడు. ఆయన చేతిలో ఇంక ఒక్కటే మిగిలింది. "ఇద్దరు నిలువుటద్దం మోసుకొస్తున్నారమ్మా. ఎదురొచ్చే పెద్దమనిషి అందులో తన బొమ్మకే దారివ్వబోయి కుడికి జరిగాడు, ఎడమకి జరిగాడు. ఎంతకీ తెమలకపోతే, ముందు తమరు దయచెయ్యండి అని దణ్ణం పెట్టాడు."

తమ్ముడు దిగాలుగా నేల చూపులు చూశాడు. టీచరమ్మ పళ్లాయన్ని ఆఖరి బెంచీ పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"మూడింటికీ కలిపి పదికి రెండు" అంది. "ఆ రెండూ కూడా, నిటారుగా నిలబడి చెప్పినందుకు."

పళ్లాయన నవ్వాడు. ఆ గదిలో ఆయన నవ్వగా ఎవరైనా చూసి ఎన్నేళ్లయిందో. ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు. నోరంతా తెరుచుకుంది, పై వరస మొత్తం ఊడి గిన్నెలో ఉన్న తెల్లటి ముద్దలో బుడుంగున మునిగిపోయింది.

విద్యా లేదు, పాడూ లేదు. పంతొమ్మిదేళ్ల కిందట తన పై పళ్లు పోయినప్పుడు, జనం బయట కాచుకుని ఉంటే, రెండు గంటల్లో ఏదో కట్టి తగిలించుకున్నాడు. మంచిది చేసుకుందాంలే అనుకుంటూనే ఉన్నాడు. రోజూ ఇంకెవరి నోరో అడ్డొచ్చేది. నవ్వితే జారుతున్నాయని ఏకంగా నవ్వడమే మానేశాడు.

టీచరమ్మ ముక్కులోంచి ముందు చిన్న గాలి వచ్చింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత, తరగతి గదుల్లో ఇన్నేళ్లూ అదిమిపెట్టుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. చేతిరుమాలు కింద పడింది. కళ్లవెంట నీళ్లు. తమ్ముడు అక్కను చూసి భయపడి లేచి నిలబడ్డాడు.

పళ్లాయన గిన్నె వంక చూడలేదు. బోసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందుకు వంగి, ఆమె కింది వరస చూశాడు. పైది చూశాడు. అవి ఉన్నచోటనే ఉన్నాయి. తన పరువు గిన్నెలో మునుగుతుంటే ఎదుటివాళ్ల పళ్లు నిలిచాయో లేదో చూసుకునే మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఈయన ఉన్నాడు. "కదల్లేదు" అన్నాడు. పళ్లు లేని నోట్లో ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు గానీ, ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది.

ఈలోగా ముద్ద రాయి అయింది. సుత్తితో కొడితే సెట్టు రెండు ముక్కలై బయటపడింది.

టీచరమ్మ కళ్లు తుడుచుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఎల్లుండి పదకొండింటికి వస్తాను. అప్పటికి మీ పళ్లు తయారు కావాలి. నవ్వి చూపించాలి. మీ పద్ధతి మీకూ వర్తిస్తుంది" అంది. ఆయన బుద్ధిగా తలూపాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ ఆయన్ని రోగుల కుర్చీలో కూర్చోబెట్టి, "నోరు తెరువు బాబాయ్" అని స్వయంగా అచ్చు తీసింది. "ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు" అని కోప్పడింది. ఆయన సిగ్గుపడ్డాడు. ఆ పూట ఇంకెవరి పనీ ముట్టుకోలేదు. తలుపు దగ్గరగా వేసుకుని తన పళ్లు తాను కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకట్రెండు సార్లు లోపలి నుంచి నవ్వు వినిపిస్తే, బయట కూర్చున్నవాళ్లు ఎవరా అని తలలు తిప్పారు.

ఆరింటికి డాక్టరమ్మ వెళ్లొస్తానని చెప్పడానికి గదిలోకి తొంగి చూసింది. ఆయన కుర్చీలో గోడకు తల ఆనించి ఉన్నాడు. కళ్లజోడు నుదుటి మీద ఉంది, చేతులు ఒళ్లో ఉన్నాయి. ఒకసారి పిలిచి, దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుని చూసి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

చెప్పిన రోజున, చెప్పిన వేళకు టీచరమ్మ ఒక్కతే వచ్చింది. చేతిరుమాలు లేదు. సభలో యాభై నిమిషాలు మాట్లాడానని, కప్పు సంగతి కూడా తానే చెప్పానని, రెండొందల మందీ నవ్వుతుంటే తానూ నవ్వానని చెప్పడానికి వచ్చింది. డాక్టరమ్మ చెప్పిన కబురు విని వెనక గది తలుపు వైపు తిరిగింది. తర్వాత, "పూర్తి చేశారా?" అని అడిగింది.

డాక్టరమ్మ గది తలుపు తీసి, బల్ల మీద కప్పి ఉన్న గుడ్డ తొలగించింది. తెల్లటి అచ్చు మీద, ఇంకా పోత పోయని ఎర్ర మైనంలోనే పై పళ్లు పధ్నాలుగూ వరసగా కూర్చి ఉన్నాయి, ముందు పళ్లలో ఒకదాన్ని మాత్రం, వయసులో ఉన్నప్పటి తన పన్ను అలాగే ఉండేది కాబోలు, కావాలని రవ్వంత వంకరగా పెట్టుకున్నాడు.