పింగాణీ ప్లేట్లు మోసినవాడు

హోటలుకు అరవై ఏళ్లు నిండాయని యజమాని పాత పింగాణీ ప్లేట్లన్నీ పైకి తీయించి, హాల్లో అద్దాల బీరువాలో పెట్టించాడు. తెల్లటి ప్లేట్లు, అంచున నీలం గీత, నడుమ ఎగిరే కొంగ. పక్కనే గోడకు హోటలు చరిత్ర రాసిన బోర్డు తగిలించాడు.

ప్లేట్లు తుడిచి సర్దిన వంటావిడ ఆ బోర్డు చదివింది. ‘వరద వచ్చిన ఏడు మా తాతగారు ప్రాణాలకు తెగించి ఈ ప్లేట్లను మేడ మీదికి చేర్చారు.’

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఆ ప్లేట్లు మోసింది ఆవిడ తండ్రి. అప్పట్లో ఇక్కడ గిన్నెలు కడిగేవాడు. నడుములోతు నీళ్లలో, డజను ప్లేట్లు గుండెకు హత్తుకుని, పదిసార్లు మెట్లెక్కాడు. పదోసారి జారాడు. మోకాలు చితికింది, నాలుగు ప్లేట్లు పగిలాయి. వరద తగ్గాక తాతగారు అడిగింది ఆ నాలుగింటి గురించే. చేతగానివాడని పనిలోంచి తీసేశాడు. ఇల్లు గడవక, కొన్నేళ్లకు నాన్నే కుంటుకుంటూ వచ్చి కూతుర్ని ఇదే వంటింట్లో పనికి పెట్టాడు.

"బాబూ, ఇది తప్పు. మోసింది మా నాన్న."

"పాత సంగతులు ఇప్పుడెందుకక్కా?" అన్నాడు యజమాని. "గోడ మీద రాత ఎవడు చదువుతాడు?"

"ఎవరూ చదవనిదానికి రాయించడం దేనికి?"

అతను ఫోను చెవికి ఆనించుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం విందులో అతను మైకు పట్టుకుని తాతగారి సాహసం మొదలుపెట్టగానే, వంటింటి తలుపు ధడాలున తెరుచుకుంది.

"అబద్ధం!" వంటావిడ గరిటెతోనే వచ్చేసింది. "మీ తాత ఒక్క ప్లేటు ముట్టుకోలేదు. మా నాన్న చచ్చేదాకా కుంటుతూనే ఉన్నాడు!"

"అక్కా, లోపలికెళ్లు. పరువు తీయకు."

"మా నాన్నకు లేదా పరువు?"

ముందు బల్ల దగ్గర కూర్చున్న యజమాని నాయనమ్మ గొంతు సవరించుకుంది. "అది చెప్పింది నిజమేరా. మీ తాత మేడ మీద నించుని, జాగ్రత్తరా, పగలగొట్టకు అని అరుస్తూనే ఉన్నాడు. నేను పక్కనే ఉన్నా. ఆ రోజు నోరు మూసుకున్నా. దించెయ్ ఆ బోర్డు."

మాడిన మొహంతో అతనే కుర్చీ ఎక్కి దించాడు.

వారం తిరక్కుండా కొత్త బోర్డు వచ్చింది. అందులో ‘నమ్మకమైన ఒక పనివాడు’ అని ఉంది. వంటావిడ ఏప్రన్ విప్పి బల్ల మీద విసిరికొట్టింది.

"మా నాన్నకు పేరుంది. అది రాసేదాకా పొయ్యి ముట్టించను."

ఆ రోజంతా హోటలు తెరవలేదు. మర్నాడు పెయింటరు వచ్చాడు. ఆవిడ పక్కనే నించుని ఒక్కో అక్షరం చెప్పి రాయించింది.

"ఇప్పటికైనా కోపం తగ్గిందా అక్కా?" అన్నాడు యజమాని.

"లేదు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.