వేలి బాకీ

ఉపవాసం ఉన్న రోజున తన బుగ్గ లోపలి తోలు తానే కొరికి మింగితే ఉపవాసం చెడినట్టా, చెడనట్టా? ఈ సందేహం ఆయన్ని చిన్ననాటి నుంచి వదల్లేదు. పెద్దల్ని ఎవరినైనా అడగవచ్చు. కానీ అడగాలంటే ముందు కొరుక్కుంటానని ఒప్పుకోవాలి. గడ్డం నెరిసిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, చంటిపిల్లాడిలా బుగ్గ నములుకుంటానని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? అందుకే ఆ సందేహాన్ని కూడా బుగ్గలాగే లోపల్లోపలే నములుతూ వచ్చాడు.

ఆ రోజూ ఉపవాసమే. వేడినీళ్ళ తొట్టిలోంచి ఇత్తడి డబ్బాను పటకారుతో పైకి తీసి, బల్ల మీద పరిచిన గోనెగుడ్డ మీద పెట్టేసరికే ఆయన నాలుక ఎడమ బుగ్గలోకి వెళ్ళి గరుకును వెతుకుతోంది. డబ్బాలోంచి ఆవిరి లేస్తోంది. అందులో ప్లాస్టర్ అచ్చుల మధ్య బిగించిన పళ్ళ సెట్టు ఉంది. ఎవరిదో అయితే ఆయన ఈపాటికి ఇంకో పని అందుకునేవాడు. ఇది అక్కది.

అది కట్టుడు పళ్ళు తయారుచేసే గది. గోడల వెంట అరల నిండా ప్లాస్టర్ దవడలు, పలకరింపు మరిచిపోయిన చుట్టాల్లా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. తెల్లటి పొడి కిటికీ చువ్వల మీద, కుర్చీ చేతుల మీద, మనుషుల కనుబొమల మీద పేరుకుంటుంది. మైనంలో పళ్ళు పేర్చడం ఆయన పని. అందుకే ఇక్కడ అందరూ ఆయన్ని మైనపాయన అంటారు. ఆ పేరు ఆయనకు నచ్చింది. మైనం మెత్తనిది, చెప్పినట్టు వింటుంది. ఆయన పళ్ళే ఆయన మాట వినవు.

అలవాటు ఎలా పనిచేస్తుందో ఆయనకు తెలియక కాదు. గుడ్డ అంచున ఒక దారం వేలాడుతుంటే సరిచేద్దామని లాగుతాం. లాగినకొద్దీ ఇంకో దారం ఊడివస్తుంది. బుగ్గ లోపల కూడా అంతే. ఎక్కడో చిన్న గరుకు తగులుతుంది, దాన్ని నున్నగా చేద్దామని పళ్ళు పట్టి తుంచుతాయి, తుంచిన చోట రేపటికి ఇంకా పెద్ద గరుకు లేస్తుంది. ఇన్నేళ్ళుగా ఆయన చేస్తున్నది చదును చేసే పనే, చెడగొట్టే పని కాదు. ఆ మాట చెబితే ఎవరూ నమ్మరు.

పళ్ళ డాక్టరు మంచివాడు. కసురుకోలేదు, భయపెట్టనూ లేదు. "ముందు ఎప్పుడు కొరుకుతున్నారో కనిపెట్టండి. కొరకబోతున్నట్టు తెలియగానే పెదాలు కలిపి, పళ్ళు మాత్రం విడదీసి, నాలుకను అంగిట్లో ఆనించి, నెమ్మదిగా ఊపిరి తీయండి" అన్నాడు. ఆయన కనిపెట్టాడు. ఎదురుచూస్తున్నప్పుడు, ఇంకొకరి మాటకు జవాబు మింగేసినప్పుడు, చేతిలో సన్నపని ఉన్నప్పుడు. అంటే మెలకువగా ఉన్నంతసేపూ. తన పళ్ళకు తానే మెత్తటి తొడుగు చేసి పెట్టుకున్నాడు. తలుపు వేస్తే కిటికీలోంచి దూరే పిల్లిలా ఆ అలవాటు కింది పెదవి మీదికి మారింది. భార్య నలుగురిలో ఉన్నప్పుడు తన బుగ్గ మీద తాను వేలు పెట్టుకుని సైగ చేసేది. కొన్నాళ్ళకు ఆమెకూ విసుగొచ్చింది. తొడుగు సొరుగులో పడింది.

"ఏమన్నా, ఇవాళ ఉపవాసమన్నావు, అప్పుడే భోజనం మొదలెట్టావా?" అన్నాడు పాలిష్ పట్టే అతను, చక్రం మీంచి తల ఎత్తకుండానే.

"నోరు మూసుకుని చక్రం తిప్పు."

"నేను మూసుకుంటాలే. ముందు నువ్వు తెరువు."

ఆయన నవ్వాడు. నవ్వితే పళ్ళు విడిపోతాయి, అదొక లాభం.

ఫోను మోగింది. మేనకోడలు.

"మావయ్యా, అమ్మ పొద్దుట్నుంచి జావ కూడా ముట్టలేదు. అడుగుతోంది."

"నన్నా?"

"నిన్ను కాదు, పళ్ళని."

"ఊపిరి ఎలా ఉంది?"

"దూరం దూరంగా తీస్తోంది. నర్సమ్మ వచ్చి చూసింది. ఇంక ఆసుపత్రుల చుట్టూ తిప్పొద్దంది."

"సాయంత్రానికి తెచ్చేస్తానని చెప్పమ్మా."

"సాయంత్రం దాకా..." అని ఆ పిల్ల ఆగిపోయింది.

అక్కకు పళ్ళు ఊడి చాలా కాలమైంది. "ఊళ్ళోవాళ్ళందరికీ పళ్ళు కడతావు, నా నోరు నీకు కనబడదురా" అని ఎగతాళి చేసేది. రేపు, ఎల్లుండి అంటూ ఆయన దాటవేసేవాడు. కారణం బద్ధకం అనుకున్నారందరూ. కారణం అది కాదు. బుగ్గ కొరుక్కోవడం వాళ్ళిద్దరికీ ఉంది. తల్లి పోయిన ఏడాదే ఇద్దరికీ మొదలైంది. పళ్ళు పోయాకే అక్కకు ఆ బాధ తప్పింది. "నోరు బోసిపోయింది గానీ ప్రాణం సుఖంగా ఉందిరా" అంది ఒకసారి. మానిన బుగ్గ దగ్గరికి మళ్ళీ పళ్ళను తీసుకువెళ్ళడానికి ఆయనకు చేతులు రాలేదు.

కిందటి నెల మంచం పట్టాక అక్కే పిలిచింది. "అమ్మ పోయేనాటికి నా నోటినిండా పళ్ళున్నాయి. ఇలా బోసినోటితో వెళితే గుర్తుపడుతుందంటావా?" అంది. అది హాస్యం కాదని ఆమె కళ్ళు చెప్పాయి. "ఆ వేలి బాకీ ఇంకా ఉంది నీ మీద" అని కూడా అంది.

వేలి బాకీ అంటే ఇద్దరికే తెలుసు. సాయంత్రం నాన్న ప్రార్థన చేస్తున్నంతసేపూ పిల్లలు కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోవాలి. తమ్ముడి దవడ కదిలితే నాన్న చెయ్యి లేచేది. ఒక రోజు అక్క చప్పుడు కాకుండా తన చూపుడువేలిని వాడి బుగ్గకూ పళ్ళకూ మధ్య దూర్చింది. వాడు బుగ్గ అనుకుని వేలిని కసుక్కున కొరికాడు. ఆమె కిక్కురుమనలేదు. ప్రార్థన చివరిదాకా అలాగే ఉంచింది. గోరు ఊడి, మళ్ళీ మొలిచింది గానీ మధ్యలో గీతతో, రెండుగా చీలినట్టు మొలిచింది.

పళ్ళ డాక్టరు అక్క ఇంటికి వెళ్ళి అచ్చు తీసిచ్చాడు. మైనంలో పళ్ళు పేర్చేటప్పుడు ఆయన తనకు తెలిసిన జాగ్రత్త అంతా పెట్టాడు. పై వరుస కింది వరుసను కాస్త దాటి ఉండాలి. ఇంటి చూరు గోడను దాటి ఉంటేనే వాన గోడకు తగలదు. అలాగే పై పళ్ళు బయటికి ఉంటేనే బుగ్గ పళ్ళ మధ్య పడదు. అక్క పళ్ళకు చూరు కొంచెం ఎక్కువే దించాడు.

మైనం కరిగించి దాని చోట కూరిన చిగుళ్ళ ముద్ద డబ్బాలో ఉడికి గట్టిపడింది. ఇప్పుడు మిగిలింది చల్లారడం.

"చన్నీళ్ళలో ముంచెయ్యన్నా" అన్నాడు పాలిష్ అతను. చక్రం ఆపేశాడు. "చిటికెలో తెరవచ్చు."

ఆయన డబ్బాను గుడ్డతో పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. తిప్పాడు కూడా. నీళ్ళు ధారగా పడుతున్నాయి. వేడి మీద ముంచితే సెట్టు లోపలే ఒంకరపోతుంది. ఒకసారి తొందరపడి అలా చేస్తే, పాపం ఒక ముసలాయన నోట్లో పళ్ళు మాటకు ముందే బయలుదేరేవి. ఒంకర సెట్టు అయితే ఇప్పుడే పట్టుకెళ్ళవచ్చు. సరైన సెట్టు కావాలంటే ఆగాలి. ఆగితే అక్క ఆగుతుందా? 'దేవుడా, ఇంత ఇత్తడిని చల్లార్చడం నీకొక లెక్కా?' అనుకున్నాడు. తర్వాత, ఇత్తడి చల్లారడానికి కూడా దేవుడే ఒక పద్ధతి పెట్టి ఉంటాడు కదా, నా కోసం మారుస్తాడా అనుకున్నాడు. కుళాయి కట్టేశాడు.

బల్ల దగ్గర కూర్చున్నాడు. పెదాలు కలిపాడు. పళ్ళు విడదీశాడు. నాలుక అంగిట్లో ఆనించాడు. ఊపిరి తీశాడు. అక్క కూడా ఇప్పుడు ఇలాగే ఒక్కొక్క ఊపిరినీ లెక్కపెట్టుకుని తీస్తూ ఉంటుందన్న ఆలోచన వచ్చింది. అంతే, పళ్ళు కలిశాయి. ఉప్పగా తగిలింది. మింగేశాడు. మూత మీద చెయ్యి వేసి చూశాడు. ఇంకా వేడిగానే ఉంది.

డబ్బా తెరిచే వేళకు ఎండ కిటికీ దిగిపోయింది. ప్లాస్టర్ పగలగొట్టి, అంచులు అరగదీసి ఇస్తే, పాలిష్ అతను ఒక్క జోకు కూడా వేయకుండా చక్రం మీద పెట్టాడు. ఎప్పుడూ ఈల వేస్తూ పనిచేసే మనిషి ఊపిరి బిగబట్టి పాలిష్ పట్టాడు. చిగుళ్ళు గులాబీ రంగులో తళతళలాడాయి.

"మీ అక్క నవ్వితే చూడాలన్నా" అని తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు.

అక్క గదిలో మంచం కిటికీ వైపు తిప్పి ఉంది. ఆమె ముఖం మరీ చిన్నదైపోయి, పెదాలు లోపలికి పోయి ఉన్నాయి. ఛాతీ లేస్తోందో లేదో తెలియాలంటే దుప్పటి పూల వైపు చూడాలి. ఆయన్ని చూసి కళ్ళు తెరిచింది.

"తెచ్చావా?"

"తెచ్చానక్కా."

పళ్ళను నీళ్ళతో తడిపి ఆయనే పెట్టాడు. కింద ఒకటి, పైన ఒకటి. చిటికెలో ముఖం నిండింది. మేనకోడలు అద్దం పట్టుకుంది. అక్క చాలాసేపు చూసుకుంది. తర్వాత మూతి ఎడమ పక్కకు లాగి, బుగ్గను లోపలికి పీల్చింది. ఆ కదలిక ఆయనకు బాగా తెలుసు.

ఆమె ఇంకోసారి ప్రయత్నించింది.

"దొరకట్లేదురా" అంది. కళ్ళలో నవ్వు. "బాగా కట్టావు. ఇన్నేళ్ళకి ఒక్కసారి కొరుక్కుందామంటే..."

"అక్కా, ఒకటి అడగనా?" ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "ఉపవాసం రోజున బుగ్గ కొరికి మింగితే ఉపవాసం చెడినట్టేనా?"

ఆమె పెదాలు కొంతసేపు కదిలాయి. కొత్త పళ్ళు మాటకు అడ్డం పడ్డాయి.

"నేనూ అదే... జీవితమంతా..." అంది. "నువ్వు మగపిల్లాడివి కదా, ఎవర్నైనా అడిగుంటావనుకున్నా."

మేనకోడలు ముఖం అటు తిప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

అక్క చెయ్యి దుప్పటి మీదుగా జరిగి వచ్చింది. చీలిన గోరున్న వేలు ఆయన ఎడమ బుగ్గ మీద ఆనింది. "నీ బాకీ తీరిపోయింది. ఇక నువ్వూ మానెయ్."

"మానలేకపోతున్నానక్కా."

"నాకు తెలుసులే."

వేలు అక్కడే ఉండిపోయింది. ఆమె చెయ్యి బరువెక్కకుండా ఆయన ఆ మణికట్టు కింద తన చెయ్యి పెట్టాడు. కిటికీలో వెలుగు పలచబడింది. మేనకోడలు ఒక స్టీలు గ్లాసు నిండా మంచినీళ్ళు పోసి కిటికీ గట్టు మీద పెట్టింది, పడుకునే ముందు పళ్ళు తీసి అందులో వేయాలని. అక్క వద్దన్నట్టు తల కదిలించింది. ఆయన దవడ కదిలినప్పుడల్లా బయట నుంచి ఆ వేలు మెల్లగా నొక్కేది. కదిలేది, నొక్కేది. నాన్న గొంతు లేదుగానీ, ఆనాటి సాయంత్రం ప్రార్థనలో కూర్చున్నట్టే ఉంది.

ఒకసారి ఆయన కొరికాడు. వేలు నొక్కలేదు.

ఆగి, ఇంకోసారి కావాలనే కొరికాడు. గట్టిగా కొరికాడు. వేలు బుగ్గ మీదే ఉంది.

ఆయన దుప్పటి పూల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మేనకోడలు దగ్గరికి వచ్చి, తల్లి నుదుటి మీద చెయ్యి వేసి, ఆ పళ్ళు తీయబోయింది.

"ఉండనీ తల్లీ" అన్నాడు ఆయన. నోట్లో ఉప్పదనం నిండిపోయి మాట సరిగా రాలేదు. "మా అమ్మ గుర్తుపట్టాలి."

కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసులో నీళ్ళు అంచుదాకా ఉన్నాయి, పోసినవి పోసినట్టే.