నాన్న ఉన్న పేజీ

పుస్తకం అచ్చయి వచ్చిన రోజున రాసినవాళ్ళకి కాళ్ళు నేల మీద నిలవవంటారు. ఈ రచయిత్రికీ నిలవలేదు. లైబ్రరీ మేడమీది గదిలో మధ్యాహ్నం మూడింటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. కుర్చీలు సర్దింది, సర్దిన కుర్చీలే మళ్ళీ సర్దింది, కేకు మీద పుస్తకం పేరు సరిగ్గా ఉందో లేదో నాలుగుసార్లు చూసింది. పుస్తకాల కట్టలు విప్పకుండా ఏ బల్ల కిందో దాచేస్తే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించింది. చూసినవాళ్ళు, సంతోషం పట్టలేకపోతోంది పాపం అనుకున్నారు. సంతోషమా, పాడా! వాళ్ళ నాన్న వస్తున్నాడని ఆవిడ భయం.

నాన్న తాళాలు బాగుచేస్తాడు. నలభై ఏళ్ళుగా అదే వీధి, అదే కొట్టు. ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు బయట ఉండాల్సిందే. ఈ నవల రాస్తున్నప్పుడు కూతురు ఆ కొట్టులో స్టూలు మీద కూర్చుని ఆయన అనుభవం ఒకటి రాసుకుంది. ఎవరో ముసలాయన, చనిపోయిన భార్య బీరువాకి తాళంచెవి దొరక్క ఈయన్ని పిలిపించాడట. గంటసేపు తంటాలు పడ్డాక తాళం టక్కుమని ఊడింది. వెంటనే ఆ ముసలాయన, "చాలు బాబూ, మళ్ళీ వేసెయ్యండి" అన్నాడట. లోపలికి తొంగి కూడా చూడలేదు. ఆ సంగతిని ఆవిడ ఒక అధ్యాయంగా రాసి ఆయనకి చదివి వినిపించింది. ఆయన రెండోసారి చదివించుకున్నాడు. ఆ తర్వాత వారం పాటు రోజూ చదివించుకున్నాడు.

ఇంక వీధంతా చాటింపే. మారు తాళంచెవి కోసం వచ్చిన ప్రతివాడికీ "మా అమ్మాయి పుస్తకంలో నేనున్నాను" అని చెప్పి గానీ పంపేవాడు కాదు.

నాలుగు నెలల కిందట ఎడిటరు ఫోన్ చేసి, "ఈ తాళాల అధ్యాయం దగ్గర కథ నిలబడిపోతోందండీ, తీసేద్దామా?" అని అడిగింది. రచయిత్రి తెగ వాదించిందనుకుంటున్నారేమో. ఒక్క నిమిషమైనా ఆలోచించకుండా "మీ ఇష్టం" అనేసింది. ఆ తర్వాత నాన్నతో చెబుదామని చాలాసార్లు కొట్టుకి వెళ్ళింది. ఆయన చేతిలో ఆకురాయి పక్కన పెట్టి, "ఎంతవరకు వచ్చిందే అమ్మలూ మన పుస్తకం?" అని అడిగేవాడు. ఇక ఆవిడ "వచ్చేస్తోంది నాన్నా" అనేసి తిరిగి వచ్చేసేది. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూ ఇదిగో, ఇంతదాకా తెచ్చుకుంది.

నాలుగింటికి నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. ఒంటరిగా రాలేదు. పక్క కొట్టు టైలరు, ఎదురు కొట్టు సైకిళ్ళాయన, ఇంకో ఆరుగురు కొట్లు మూసుకుని మరీ వెంట వచ్చారు.

"నాన్నా, నీతో ఒక్క మాట..." అంటూ ఆవిడ ఎదురెళ్ళింది.

"మాటలు తర్వాత. ముందు నా పుస్తకం నాకివ్వు" అని ఆయన చెయ్యి చాపాడు.

ఎవరో ఓ కాపీ ఆ చేతిలో పెట్టనే పెట్టారు. ఈలోగా ఎడిటరు వచ్చి రచయిత్రిని రెక్క పట్టుకుని వేదిక మీదికి లాక్కెళ్ళింది.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. కథ ఎక్కడా ఆగకుండా పరిగెడుతుందని ఎడిటరు తెగ మెచ్చుకుంది. రచయిత్రికి ఒక్క ముక్క చెవికెక్కలేదు. ముళ్ళమీద కూర్చున్నట్టుంది. చూపంతా మూడో వరసలోనే ఉంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పుతున్నాడు. చివరిదాకా తిప్పాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా, రెండు పేజీలు అతుక్కుపోయాయేమోనని వేళ్ళతో నలిపి చూస్తూ తిప్పాడు. రెండోసారీ చివరికొచ్చాక తలెత్తి కూతురి కళ్ళలోకి చూశాడు. ఆవిడ తల దించేసుకుంది. అంతకంటే జవాబేముంది?

సరిగ్గా అప్పుడే టైలరు లేచాడు.

"ఏమండీ, ఈ పుస్తకంలో మావాడున్నాడు. ఆ ముక్క మావాడి చేతే చదివించండి!"

వెంట వచ్చినవాళ్ళంతా చప్పట్లు. నిజం చెప్పేద్దామని రచయిత్రి లేవబోయింది. అంతలో నాన్నే లేచాడు. మైకు ముందు నిలబడి, పుస్తకం మధ్యకి తెరిచి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళమని ఎవరూ అనలేదు. అయినా అతను విడిచాడు."

అది ఆయన కొట్టులో చెప్పే తీరు కాదు. అక్షరం పొల్లుపోకుండా ఆవిడ రాసిన వాక్యాలే. లేని అధ్యాయాన్ని, కళ్ళు పేజీ మీద నుంచి ఎత్తకుండా చదువుతున్నాడు. సగంలో పేజీ కూడా తిప్పాడు. "చాలు బాబూ" అన్నచోట టైలరు ముక్కు తుడుచుకున్నాడు. ఎడిటరు తన కాపీ గబగబా తిరగేసి, ఆపేసి, రచయిత్రి వైపు వంగింది.

"ఎందుకు తీసేశామండీ ఇది?"

"మీరడిగారు, నేను సరేనన్నాను" అంది రచయిత్రి. ఏడుపొస్తోంది, ఎడిటరు మీద కోపమొస్తోంది, అన్నిటికంటే తన మీద తనకే అసహ్యం వేస్తోంది.

చదవడం పూర్తయి చప్పట్లు ఆగాక సైకిళ్ళాయన తన కాపీ తెరిచి, "ఎన్నో పేజీరా అది?" అని అడిగాడు.

నాన్న పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "చెప్తే అదొక్కటీ చదివి అటక మీద పడేస్తావు, నీ సంగతి నాకు తెలీదూ? మొదట్నుంచీ చదువు. ఎక్కడో ఒకచోట తగుల్తాను." అందరూ గొల్లుమన్నారు.

కేకు పంచే హడావిడిలో ఆవిడ ఆయన పక్కకి చేరింది. "నాన్నా, వాళ్ళు తీసేద్దామంటే నేనే..."

"తీసినందుక్కాదే నా బాధ. సరిపోని తాళంచెవి నేనూ పక్కన పడేస్తాను." ఆయన చంకలో పుస్తకం సర్దుకున్నాడు. "ముందే చెప్పుంటే వీళ్ళందర్నీ పిలుచుకొచ్చేవాణ్ణి కాదు కదా."

ఆవిడ చేతిలో కేకు ముక్క నలిగి పొడైపోయింది.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, స్నేహితుల వైపు చూశాడు. టైలరు అప్పుడే మొదటి పేజీ మీద వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు.

"వాడు పూర్తి చేసేసరికి రెండేళ్ళు పడుతుంది" అన్నాడు నాన్న. "ఈలోపు ఇంకోటి రాయి."