వెనక చక్రంలో రేగడి

మా ఆయన్ని దొంగ అన్న ఆ నోరు పడిపోను! నలుగురిలో అన్నారు, మిర్చి యార్డులో, హమాలీలు వింటుండగా అన్నారు. ఆ నోరు రాధాకృష్ణమూర్తిగారిది. గుంటూరులో మిరపకాయల వ్యాపారం ఆయనది. ఆయన పాత వ్యానుకు మా ఆయన ఇమ్మానియేలు డ్రైవరు.

ఎనభై ఆరులో వానలు వెలిశాక ఆ వ్యానుకు ఒణుకు పట్టుకుంది. నిలబెట్టి ఇంజను ఎంత రేజ్ చేసినా ఏమీ ఉండదు. తారు రోడ్డెక్కి కాస్త వేగం అందుకుందా, ఇక సీట్లూ అద్దాలూ తలుపులూ గడగడలాడిపోతాయి. వేగం తగ్గిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు పోతుంది.

మూర్తిగారు ఎవర్నీ నమ్మే మనిషి కాదు. ఇంట్లో పంచదార డబ్బా మూత పెట్టేముందు లోపల వేలితో గీత గీసిపెట్టే రకం. "వీడు మంచి సామాను ఊడదీసి అమ్ముకుని, తుక్కు బిగించాడు" అని తేల్చేశారు. అదే నిజమని ఊరు నమ్మిందా, మా ఆయన చేతికి మళ్లీ స్టీరింగు ఇచ్చేవాడు గుంటూరులో ఉండడు. నాకు నిద్ర పట్టడం మానేసింది.

మెకానిక్ అలీ సాహెబును కూడా ఆయన నమ్మలేదు. వ్యానును షెడ్డుకు పంపితే అక్కడ ఇంకేం మారుస్తారో అని, అతన్నే ఇంటి ముందుకు పిలిపించారు. ఇంజను కింద రబ్బర్లు మార్పించారు. ఒణుకు పోలేదు. వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టు జాయింటు మార్పించారు. అయినా పోలేదు. విప్పిన ప్రతి ముక్కనూ ఎండలో పెట్టి తిప్పి తిప్పి చూసేవారు, అది తన వ్యానుదేనా అని.

మూడోసారి, నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. మా ఆయన వద్దన్నాడు. వింటానా?

"వేగంలో ఉండగా న్యూట్రల్లో వదిలినా ఒణుకు పోవట్లేదు సాయిబూ. ఇది ఇంజను కాదు" అన్నాడు ఇమ్మానియేలు.

అలీ సాహెబు వెనక జాకీ ఎత్తి చక్రం తిప్పాడు. ఎడమ చక్రం ఎలా తిప్పినా ఊగి ఊగి, అదే చోటు కిందికి వచ్చి ఆగుతోంది. "ఒక పక్క బరువుందమ్మా" అని చక్రం ఊడదీశాడు. లోపలి వైపు రిమ్ములో కొబ్బరి చిప్పంత నల్లరేగడి గడ్డ, ఎండి రాయైపోయి ఉంది. ఉలి పెట్టి కొడితే గానీ ఊడలేదు.

చక్రం బిగించి నల్లపాడు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చారు. ఒణుకు లేదు! "దొంగతనం లేదు, గింగతనం లేదు. మట్టి!" అని ఇంటి ముందే చప్పట్లు కొట్టాను.

మూర్తిగారు ఆ గడ్డను వేళ్ల మధ్య నలిపారు. "నా వ్యాను తిరిగేది తారు రోడ్డు మీద. ఇది చేలో మట్టి. ఎవడి సరుకు మోశావురా, నాకు తెలియకుండా?"

ఇమ్మానియేలు గుడ్డ తీసుకుని వ్యాను అద్దం తుడవసాగాడు.

నాకప్పుడు గుర్తొచ్చింది. వానల్లో ఒకరోజు మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. అడిగితే టైరు మార్చానన్నాడు. అయితే నాతోనూ అబద్ధమేనా? "మూగనోము పట్టావా? చెప్పవయ్యా!" అని అరిచాను. అద్దం తుడుస్తూనే ఉన్నాడు. ఒక్క క్షణం నేనూ మా ఆయన్ని దొంగే అనుకున్నాను, ఏం దాచను?

"నేను తోలమన్నాను."

వరండాలో మూర్తిగారి భార్య బాలసరస్వతిగారు. మెట్లు దిగి ఆయన ఎదుటికొచ్చారు. "ప్రత్తిపాడు అవతల మా అమ్మ మంచం పట్టింది. మా పుట్టింటితో మీకు మాటల్లేవు. అడిగితే పంపరు. మీరు రైల్లో చీరాల వెళ్లిన రోజున నేనే తీసుకెళ్లమన్నాను. డొంకలో చక్రాలు దిగబడ్డాయి. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాను."

మూర్తిగారు ఆవిడ వంక చూశారు. తర్వాత మా ఆయన వంక చూశారు. "వాడితోనా? ఒక్కదానివే?" అన్నారు మెల్లగా.

ఛీ! నా ఒళ్లు భగ్గుమంది. నేను నోరు తెరిచేలోపే ఇమ్మానియేలు తాళాలు బానెట్ మీద పెట్టాడు. "దొంగన్నారు, పడ్డానండి. ఈ మాట మాత్రం పడనండి."

"పోరా! ఊళ్లో డ్రైవర్లకు కరువా?"

బాలసరస్వతిగారు లోపలికి వెళ్లారు, ఏడవడానికే అనుకున్నాను. చెప్పులేసుకుని, చేతిసంచితో బయటికొచ్చారు. ఇరుగుపొరుగు అప్పటికే గేట్ల దగ్గర చేరారు. "అందరూ వినండి" అన్నారావిడ. "ఇమ్మానియేలు ఈ వ్యానులో ఒక నట్టు కూడా తియ్యలేదు. నన్ను మా అమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు, అంతే." నా వైపు తిరిగి, "సంతోషకుమారీ, మా అమ్మ దగ్గరికి పోతున్నాను, బస్టాండు దాకా తోడు రామ్మా" అన్నారు.

ఆవిడ సంచి నేను అందుకున్నాను. ముగ్గురం వీధి మధ్యలో నడిచాం.

"బాలా, ఆగు! నేను వ్యానులో దింపుతాను!" వెనకనుంచి మూర్తిగారి కేక.

ఆయనకు డ్రైవింగు రాదు.