మళ్ళీ చెప్పండి

ఆ మధ్యాహ్నం గౌరి తన ఫోన్లోకి మూడు యాప్‌లు దించుకుంది. మూడూ ఇంగ్లీషు నేర్పేవే. చేతిలో ఉన్నది ఇరవై రోజులు. ఈలోగా నాలుగు ముక్కలు మాట్లాడటం రాకపోతే, కూతురు అక్షరని నర్సరీలో చేర్చే రోజున అమ్మ కుర్చీలో తనకి బదులు ఆడపడుచు కూర్చుంటుంది.

నోయిడాలో పెద్ద బడుల పద్ధతే అంత. పిల్లతో పాటు అమ్మానాన్నల్ని కూడా పిలిచి ప్రశ్నలు వేస్తారు. ఊరికే మాటామంతీ అని పైకి అంటారు గానీ, తల్లి నోరు తెరిచిన నిమిషంలో సీటు సంగతి తేలిపోతుందని అపార్ట్‌మెంట్ సొసైటీ పార్కులో ఆంటీలు చెప్పుకుంటారు.

"నువ్వొచ్చి తెల్లమొహం వేశావనుకో, పిల్ల బతుకు గోవిందా," అన్నాడు ఆమె భర్త క్రాంతి లాప్‌టాప్ మీంచి కళ్ళెత్తకుండా. "ప్రణతక్క వస్తుందిలే. ఢిల్లీ సాకేత్‌లో అంత పెద్ద ఆఫీసు నడిపే మనిషి. నీ పేరు చెప్పి కూర్చుంటుంది. ఆధార్ జిరాక్సులో మొహాలెవడు చూస్తాడు?"

"నేర్చుకుంటానండీ."

"తొమ్మిదో క్లాసు మధ్యలో మానేసినదానివి."

"అమ్మ మంచాన పడితే వంట చేసేవాళ్ళు లేక మానేశాను. చదువు రాక కాదు కదండీ."

అతను నవ్వాడు. "అచ్ఛా? ఇంకా ఇరవై రోజులున్నాయి. నేర్చుకుంటే నువ్వే రా."

ఆ మాట పట్టుకునే గౌరి పొయ్యి దగ్గర నిలబడి యాప్‌లు ఎంచింది. మొదటిది బొమ్మలు చూపించి గంటలు మోగించింది. గుర్రం పాలు తాగుతోంది అని చెప్పించింది. బడిలో గుర్రాల గురించి ఎవరడుగుతారు? తీసేసింది. రెండోది హిందీలో పాఠం చెప్పి ఇంగ్లీషు నేర్పుతుంది. కూరగాయల బండి దగ్గర హిందీ గలగలా మాట్లాడుతుంది గానీ, ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివేసరికి కుక్కర్ నాలుగు కూతలు కూసేసింది. అదీ తీసేసింది.

మూడోదానిలో ఒక ఆడగొంతు తెలుగులో పలకరించింది. ప్రశ్న ఇంగ్లీషులో అడుగుతుంది, మనం ఫోన్లోకి జవాబు చెప్పాలి, అది మార్కులు వేస్తుంది. గౌరి మొదటిసారి తడబడింది.

"పరవాలేదు. మళ్ళీ చెప్పండి," అంది గొంతు.

ఈ ఊరొచ్చి అయిదేళ్ళయింది. ఈ ఇంట్లో ఎవరూ ఆమెని 'అండి' అనలేదు. మూడో యాప్ ఉండిపోయింది.

మొదటి పాఠం, మీ పేరేమిటి. మై నేమ్ ఈజ్ గౌరి. నాలుగో పాఠం, ఈ పాపకి మీరేమవుతారు. ఐ యామ్ అక్షరాస్ మదర్. పిండి కలుపుతూ చెప్పింది, బట్టలు మడతపెడుతూ చెప్పింది, బాల్కనీలో దుప్పట్లు ఆరేస్తూ చెప్పింది. అక్షర కాళ్ళ దగ్గర స్టీలు గిన్నెలతో ఆడుకుంటూ తల్లి ఏది అంటే అది అనేది. మొదటి రోజు ముప్ఫై ఎనిమిది మార్కులు. పద్దెనిమిదో రోజుకి తొంభై ఒకటి.

ఆ ఆదివారం ప్రణతి భోజనానికి వచ్చింది. చేతులు కడుక్కున్నాక క్రాంతి ప్రిన్సిపాల్ వేషం కట్టి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. పాపకి ఏమంటే ఇష్టం? ఏడిస్తే ఏం చేస్తారు? గౌరి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, తప్పు పోకుండా, అన్నిటికీ జవాబు చెప్పింది.

"బాగానే చెప్పిందిరా," అంది ప్రణతి ఆశ్చర్యంగా.

గౌరి మొహం విప్పారింది. "అయితే పదహారో తారీఖున నేను..."

"అదెలా కుదురుతుంది? ఫారంలో అక్క ఫోటో పెట్టి పంపించేశాగా."

"ఎప్పుడండీ?"

"పోయిన నెల మొదట్లోనే."

గౌరి ఆడపడుచు వైపు చూసింది. ఆవిడ సోంపు గింజలు ఏరుకుంటోంది.

"మరి నన్ను నేర్చుకోమన్నారెందుకండీ?"

"ఇంట్లో ఎవరో ఒకరు వాగుతూ ఉంటే పిల్ల చెవిన పడుతుంది కదా. చూడు, ఎంత చక్కగా పట్టేసిందో. అక్షూ! ప్రిన్సిపాల్ మేడమ్ అడిగితే ఏమనాలి?"

అక్షర లేచి నిలబడి గౌరి గొంతుతో, గౌరి పలుకుతో చెప్పింది, మా అమ్మ పేరు గౌరి అని. చెప్పి, ముందే నేర్పినట్టున్నారు, వెళ్ళి ప్రణతి ఒడిలో కూర్చుని "మమ్మా" అంది.

"షాబాష్!" అన్నాడు క్రాంతి.

పదహారో తారీఖున గౌరి పిల్లకి తల దువ్వి, రెండు పిలకలు వేసి, లిఫ్టు దాకా వెళ్ళి చెయ్యి ఊపింది. సీటు వచ్చింది. పిల్ల మాటతీరుకి మేడమ్ ముచ్చటపడిందట. అంతా తల్లి పెంపకమే అందట. ప్రణతి ఆ మాట ఫోన్లో రెండుసార్లు చెప్పింది.

బడి తెరిచే ముందు క్రాంతి ఒక ఆకుపచ్చ తాడు తెచ్చి టేబుల్ మీద పడేశాడు. దానికి గౌరి ఫోటో ఉన్న కార్డు వేలాడుతోంది. పైన 'హెల్పర్' అని ఉంది.

"అక్క సాకేత్ నుంచి రోజూ రాలేదు కదా. దింపడం, తేవడం నువ్వే."

గౌరి ఇంగ్లీషు అక్షరాలు కూడుకుని చదివింది. "పేరు తప్పు పడిందండీ. లక్ష్మీకుమారి అని ఉంది."

"తప్పేం లేదు. గౌరి అంటే అక్కడ అక్క. ఇద్దరు గౌరీలుంటే అడుగుతారు. గేటు దగ్గర పిల్ల నిన్ను పనివాళ్ళని పిలిచినట్టు దీదీ అంటుంది, నేర్పాను. నువ్వు నోరు జారావంటే సీటు పోతుంది, తర్వాత నీ ఇష్టం."

మొదటి రోజు పన్నెండింటికి గేటు దగ్గర తల్లులు ఒక వరస, హెల్పర్లు ఒక వరస. గౌరి రెండో వరసలో నిలబడింది. కొత్త టీచరు ఆమె కార్డు చూసింది, ఆమె కళ్ళు చూసింది, మళ్ళీ అక్షర కళ్ళు చూసింది. రెండూ ఒకలాంటివే. ఇంగ్లీషులో అడిగింది: ఈ పాపకి మీరేమవుతారు?

నాలుగో పాఠం. ఇన్నాళ్ళకి నిజంగా ఒక మనిషి అడిగింది. జవాబు గౌరి నాలుక చివరికి వచ్చేసింది. అక్షర తల ఎత్తి చూస్తోంది, వచ్చేది తప్పో ఒప్పో అని.

"మై నేమ్ ఈజ్ లక్ష్మీకుమారి," అంది గౌరి. "ఐ వర్క్ ఇన్ దెయిర్ హౌస్."

"అరె వాహ్! ఎంత సాఫ్‌గా మాట్లాడావ్ దీదీ!" అని టీచరు పిల్ల చెయ్యి అందించింది.

మలుపు తిరిగాక గౌరి ఈ-రిక్షా ఆపింది. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెమటకి అంటుకున్న పిలకలు సర్దింది.

"ఇప్పుడెవరూ లేరు. అమ్మా అను."

అక్షర ముందున్న డ్రైవర్ వీపు చూసి అడ్డంగా తల ఊపింది.

"ఇంటికెళ్ళాకైనా అంటావా?"

"ఘర్‌లో కూడా దీదీ అంటానే," అంది పిల్ల బుద్ధిగా. "అప్పుడు గేటు దగ్గర మర్చిపోను కదా."